ఎమర్జెన్సీలో వైద్య విద్యార్థి: ఏ టెన్షన్ నేర్పుతుంది, ఏది నేర్వనివ్వదు

తేనెటీగ కుట్టిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు వాచి, ఊపిరి అందక అవస్థ పడుతున్న పిల్లవాణ్ణి ఎమర్జెన్సీకి తెచ్చారనుకుందాం. బరువు 18 కిలోలు. ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్, కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, తొడ కండరంలోకి. అంటే 0.18 మిల్లీగ్రాము. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్ అయితే సిరంజిలోకి 0.18 మిల్లీలీటరు తీస్తే సరిపోతుంది. గుండె ఆగిపోయినవాళ్లకు నరంలోకి ఇచ్చే అడ్రినలిన్ చాలాచోట్ల దీనికంటే పది రెట్లు పలచనగా ఉంటుంది. అదీ ఆ ట్రాలీలోనే ఉండొచ్చు. పరీక్ష హాల్లో అడిగితే ఏ వైద్య విద్యార్థి అయినా నిమిషంలో తేల్చేసే లెక్క ఇది. ఇక్కడ తల్లి ఏడుస్తుంటే, మానిటర్ మోగుతుంటే, సీనియర్ సిరంజి కోసం చెయ్యి చాచి నిలబడి ఉంటే మాత్రం దశాంశ బిందువు ఎటు జరపాలో తోచదు. ఒక్క స్థానం తప్పితే డోసు పదింతలవుతుంది, లేదా పదో వంతుకు పడిపోతుంది.

ఇది చదవనివాళ్ల సమస్య కాదు. విక్కీ లెబ్లాంక్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్నవాళ్లు విద్యార్థులు కారు, పనిలో ఉన్న, అంబులెన్సుల్లో అత్యవసర చికిత్స చేసే పారామెడిక్‌లు. బొమ్మ రోగితో ఒత్తిడి నిండిన కేసు ఒకటి నడిపించి, ఆ వెంటనే మందు డోసులు లెక్కకట్టమంటే, ప్రశాంతంగా ఉన్నప్పటికంటే ఎక్కువ తప్పులు చేశారు. పనిలో చెయ్యి తిరిగినవాళ్లకే అలా అయితే, మొదటి వారం ఆ గదిలో అడుగుపెట్టిన విద్యార్థి సంగతి ఊహించుకోవచ్చు.

అలాగని ఎమర్జెన్సీ పోస్టింగ్‌ను తక్కువ చెయ్యడానికి లేదు. వార్డులో విద్యార్థి చూసే రోగికి అప్పటికే ఒక జబ్బు పేరు, ఒక కేస్ షీటు ఉంటాయి. ఎమర్జెన్సీకి వచ్చే మనిషికి అవేవీ ఉండవు. కడుపునొప్పి అంటూ వచ్చిన వ్యక్తికి అపెండిక్స్ కావచ్చు, గుండెపోటు కావచ్చు, ఏమీ కాకపోవచ్చు. అసలు ఎలా ఆలోచించాలో నేర్పే చోటు ఇంతకంటే మంచిది వైద్య విద్యలో దాదాపు లేదు. అందుకే ఒత్తిడి మంచిదా చెడ్డదా అని తర్కించుకుంటే తేలేది తక్కువ. ఎంత ఉండాలి అన్నదీ సగం ప్రశ్నే. రోగి పరిస్థితి నుంచి వస్తోందా, చుట్టూ ఉన్న మనుషుల తీరు నుంచి వస్తోందా అన్న దగ్గరే చదువు నిలబడటమో, చెడిపోవడమో జరుగుతుంది.

'ఎంత' అన్న ప్రశ్నకు అందరూ చూపించేది ఒక గీత. ఒత్తిడి పెరిగేకొద్దీ పనితనం పెరుగుతుందని, ఒక హద్దు దాటాక పడిపోతుందని చెప్పే, తలకిందులైన యు ఆకారపు గీత. దాని మూలం 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ ఎలుకలకు కరెంటు షాకులిచ్చి చేసిన ప్రయోగం. అందులో తేలింది ఇంకాస్త లోతైన విషయం. తేలిక పని అయితే షాకు పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. కష్టమైన పని అయితే మధ్యస్థంగా ఉన్న షాకే మేలు చేసింది. అంటే ఒకే స్థాయి ఒత్తిడి ఒకరిని పదును పెడుతుంది, ఇంకొకరిని తికమక పెడుతుంది. ఇరవై ఏళ్లుగా కాన్యులాలు (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టాలు) పెట్టిన నర్సుకు అది తేలిక పని. మూడోసారి ప్రయత్నిస్తున్న విద్యార్థికి అది చాలా కష్టమైన పని. ఇద్దరూ అదే గదిలో అదే చప్పుడు మధ్య పనిచేస్తారు, కానీ ఆ చప్పుడు ఇద్దరి దగ్గరా ఒకే మోతాదులో వసూలు చెయ్యదు.

దీనికి కారణం మెదడులో ఒకేసారి పట్టి ఉంచుకోగల సంగతుల సంఖ్య. నెల్సన్ కోవన్ 2001లో చేసిన సమీక్ష ప్రకారం అది సుమారు 4. అనుభవం ఉన్న డాక్టరు జ్వరం, వేగంగా కొట్టుకునే గుండె, పడిపోతున్న బీపీ, మగతగా ఉన్న రోగి, ఇవన్నీ కలిపి 'సెప్సిస్' (ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీసే స్థితి) అనే ఒక్క ముద్దగా పట్టుకుంటారు. విద్యార్థికి అవి నాలుగు విడి విషయాలు. అక్కడికే చోటు నిండిపోతుంది. ఆ పైన ఎవరో వచ్చి '6వ బెడ్ ఈసీజీ ఎక్కడ?' అని అడిగితే ఏదో ఒకటి జారిపోవాల్సిందే. ఎమర్జెన్సీలో ఇలా అడగనివాళ్లు ఉండరు. 2000లో అమెరికాలో కేరీ చిషోమ్ బృందం ఎమర్జెన్సీ డాక్టర్లను గమనిస్తే 3 గంటల్లో సగటున 31 సార్లు ఎవరో ఒకరు అడ్డు తగిలారు. అందులో సుమారు 21 సార్లు చేస్తున్న పని వదిలేసి వేరే పని అందుకోవాల్సి వచ్చింది.

తెలిసిందే నోటికి రాని క్షణం

గుండె దడ మొదలవడానికి క్షణాలు చాలు. అది అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ పని. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ నెమ్మది. మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి, అక్కడి నుంచి మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు చేరి, రక్తంలో కార్టిసాల్ గరిష్ఠానికి రావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈ ఆలస్యం పట్టించుకోవాల్సిన విషయం. రోగి కుదుటపడి, అందరూ చేతులు కడుక్కుని, ఇక ప్రశ్నలు అడుగుదామని సీనియర్ విద్యార్థి వైపు తిరిగే సమయానికి కార్టిసాల్ పతాక స్థాయిలో ఉంటుంది.

ఆ స్థితిలో జ్ఞాపకశక్తి రెండు రకాలుగా నడుస్తుంది. కొత్తగా జరుగుతున్నది గట్టిగా ముద్ర పడుతుంది. 1994లో లారీ కాహిల్, జేమ్స్ మెగా బృందం మనసును కదిలించే కథ ఒకటి మనుషులకు వినిపించి, కొందరికి ముందుగా ప్రొప్రనలాల్ ఇచ్చింది. నార్‌అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే ఆ మందు వేసుకున్నవాళ్లకు కథలోని ఉద్వేగభరిత భాగం మిగతావాళ్లకు గుర్తున్నంతగా గుర్తులేదు. అంటే ఆ ముద్ర వేసేది ఈ హార్మోన్లే. మరోవైపు, ఎప్పుడో నేర్చుకున్నది బయటికి తియ్యడం కష్టమవుతుంది. డొమినిక్ డి కెర్వాన్ బృందం 2000లో చూపించింది ఇదే: ముందు రోజు నేర్చుకున్న పదాలు గుర్తు చేసుకునే పరీక్షకు గంట ముందు కార్టిజోన్ మాత్ర ఇస్తే, గుర్తొచ్చిన పదాలు తగ్గాయి.

పొటాషియం బాగా పెరిగిన రోగికి ముందు కాల్షియం ఎందుకిస్తామని సీనియర్ అడుగుతారు. కాల్షియం పొటాషియంను తగ్గించదు, అది తగ్గేలోపు గుండె లయ తప్పకుండా కాపాడుతుంది. విద్యార్థికి ఈ జవాబు తెలుసు, పోయిన వారం రాసిన పరీక్షలో రాశాడు కూడా. కానీ ఇప్పుడు నోరు పెగలదు. 'ఏం చదువుతున్నారయ్యా?' అన్న మాట వస్తుంది. అతనికి చదువు రాలేదన్న తీర్పు అక్కడే పడిపోతుంది. నిజానికి ఆ ఇరవై నిమిషాలు ఏదైనా కొత్తగా చెప్పడానికి చాలా మంచి సమయం, పాతది అడిగి చూడటానికి చాలా చెడ్డ సమయం. ఎమర్జెన్సీలో జరిగే బోధనలో చాలా భాగం దీనికి సరిగ్గా తలకిందులుగా నడుస్తోంది.

గట్టిగా పడే ఆ ముద్రకు ఒక లోపం ఉంది, అది ఇరుకైనది. ఉద్రేకం పెరిగేకొద్దీ మనిషి గమనించే సంకేతాలు తగ్గిపోతాయని ఈస్టర్‌బ్రూక్ 1959లోనే ప్రతిపాదించారు. కాన్యులా ఎక్కని నరం మీద కళ్లన్నీ పెట్టిన విద్యార్థికి పక్కనే మానిటర్‌లో ఆక్సిజన్ అంకె దిగజారుతున్నది కనబడదు. ఆ తర్వాత ఆ కేసు గురించి అడిగితే నరం సంగతే చెబుతాడు.

ఇంతకంటే లోతైన నష్టం ఇంకొకటి. ఒత్తిడిలో ఉన్నప్పుడు మెదడు కారణాలు కూడగట్టే పద్ధతి నుంచి అలవాటుగా చేసుకుపోయే పద్ధతికి మారుతుందని లార్స్ ష్వాబే, ఒలివర్ వోల్ఫ్ ప్రయోగాలు చూపించాయి. ప్రాణం నిలబెట్టాల్సిన క్షణంలో అది మంచిదే. చదువుకు మాత్రం చిక్కు. విరేచనాలతో నీరంతా పోయి బీపీ పడిపోయిన రోగికి సెలైన్ వేగంగా ఎక్కించగానే తేరుకోవడం విద్యార్థి కళ్లారా చూస్తాడు. 'బీపీ పడితే సెలైన్' అని మనసులో నాటుకుపోతుంది. మర్నాడు వచ్చిన రోగికి బీపీ పడిపోయింది గుండె బలహీనపడి. అదే సెలైన్ అంతే వేగంగా పెడితే నీరు ఊపిరితిత్తుల్లో చేరి మనిషి ఇంకా మునిగిపోతాడు. మొదటి రోజు అతను నేర్చుకున్నది అబద్ధం కాదు, అందులో 'ఎందుకు' లేదు. ఆ 'ఎందుకు'ను ఎవరో ఒకరు తర్వాత కూర్చోబెట్టి చేర్చకపోతే, అతను చూసిన కేసుల సంఖ్య పెరుగుతుంది, ధైర్యం పెరుగుతుంది, తెలివిడి మాత్రం అక్కడే ఉండిపోతుంది.

నలుగురిలో నిలబెట్టడం

ప్రయోగశాలలో మనుషులకు ఒత్తిడి కలిగించాలంటే శాస్త్రవేత్తలు ఎక్కువగా వాడే పద్ధతి 1993లో జర్మనీలోని ట్రియర్‌లో రూపొందింది. ముఖంలో ఏ భావమూ చూపించని న్యాయనిర్ణేతల ముందు మాట్లాడమంటారు, తర్వాత నోటిలెక్కలు చెయ్యమంటారు. తప్పు చెప్తే మళ్లీ మొదటినుంచి. 2004లో శాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ ఇలాంటి 208 ప్రయోగశాల అధ్యయనాలను కలిపి చూశారు. కార్టిసాల్‌ను ఎక్కువగా పెంచినవి రెండు కలిసిన సందర్భాలు: ఇతరులు మనల్ని తూకం వేస్తుండటం, ఫలితం మన చేతిలో లేకపోవడం. తిరిగి మామూలు స్థితికి రావడానికి ఎక్కువ సమయం పట్టిందీ అలాంటప్పుడే.

ప్రాణం నిలబెట్టే చికిత్స జరిగే రిససిటేషన్ గదిలో బెడ్ కాళ్ల దగ్గర నిలబడ్డ విద్యార్థికి ఈ రెండూ నిండుగా ఉంటాయి. అందరూ తనను చూస్తున్నారనిపిస్తుంది. చెయ్యడానికి పని ఏమీ ఉండదు. అడ్డంగా ఉన్నానేమో అని పక్కకు జరిగితే ఇంకొకరికి అడ్డం. ఈ టెన్షన్‌లో రోగి వాటా తక్కువ. అందుకే దీన్ని తగ్గించడానికి రోగుల సంఖ్య తగ్గించనక్కర్లేదు. ఆగిన గుండె కోసం ఛాతీ నొక్కే సీపీఆర్ మొదలయ్యేముందు 'నీది రెండో వంతు. రెండు నిమిషాలకు అతని చేతులు తీసి నీవి పెట్టు. నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 సెంటీమీటర్లు తగ్గకూడదు, 6 దాటకూడదు' అని ఒక్కమాట చెబితే చాలు, అదే గదిలో అదే విద్యార్థి వేరే మనిషి. గుండె అంతే వేగంగా కొట్టుకుంటుంది, కానీ అది పనికి ముడిపడి ఉంటుంది. సమయం చూసి చెప్పే పని ఇచ్చినా ఇదే ఫలితం. అడ్రినలిన్ 3 నుంచి 5 నిమిషాలకోసారి పడాలి కాబట్టి గడియారం చూసేవాళ్లు నిజంగానే అవసరం, అది విద్యార్థి కోసం సృష్టించిన ఉత్తుత్తి పని కాదు.

'మమ్మల్నీ తిట్టే నేర్పారు, అందుకే ఇంత గుర్తుంది' అని చెప్పే సీనియర్లు ఉన్నారు. వాళ్లు చెప్పేది వాళ్ల అనుభవం, దాన్ని కొట్టిపారెయ్యకూడదు. కానీ ఏది గుర్తుందో చూడాలి. ఉద్వేగం దేని మీద ఉంటే జ్ఞాపకం దాన్నే పట్టుకుంటుంది. అవమానం జరిగిన చోట ఎవరు అన్నారు, ఎవరు నవ్వారు అన్నవి పదేళ్లయినా పోవు. రోగి పొటాషియం ఎంతో మాత్రం ఆ సాయంత్రానికే పోతుంది. పైగా తిట్లతో బెదిరి ఎమర్జెన్సీ వైపు మళ్లీ చూడనివాళ్లు ఆ గదిలో సీనియర్లు అవ్వరు, కాబట్టి వాళ్ల సాక్ష్యం ఎవరికీ వినబడదు.

ఆరీ రిస్కిన్ బృందం 2015లో ఇజ్రాయెల్‌లో చేసిన అధ్యయనం ఈ వాదానికి గట్టి జవాబు. నెలలు నిండని పిల్లల ఐసీయూల్లో పనిచేసే డాక్టర్లు, నర్సుల బృందాలకు బొమ్మ శిశువుతో ఒక కేసు ఇచ్చారు. కొన్ని బృందాలకు బయటి నుంచి వచ్చిన నిపుణుడు కాస్త చులకనగా మాట్లాడాడు. అరుపులు కాదు, బూతులు కాదు, చులకన మాటలే. ఆ బృందాల రోగ నిర్ధారణా దెబ్బతింది, చికిత్స చేసే చేతి పనీ దెబ్బతింది. తెలిసిన సంగతి ఒకరికొకరు చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గిపోయాయి. సాయం అడగడం మానేసిన విద్యార్థి ఎమర్జెన్సీలో రోగికే ప్రమాదం. దద్దుర్ల పిల్లవాడికి సిరంజిలో ఎంత తీశానో పైకి చెప్పి 'సరేనా సార్?' అని అడగగలిగేది, అడిగితే పరువు పోదన్న నమ్మకం ఉన్న విద్యార్థే.

ప్రాణం మీదకు వచ్చినప్పుడు గొంతు పెంచడం వేరు, మనిషిని చిన్నబుచ్చడం వేరు. 'ఆగు, చెయ్యి తియ్యి, షాక్ ఇస్తున్నాం!' అన్న కేకలో అవమానం లేదు. విద్యార్థులకు ఈ తేడా బాగానే తెలుసు.

భయపెట్టి రాటుదేలుస్తామన్న ఆలోచనకూ ఆధారం బలహీనమే. కెనడాలో క్రిస్టిన్ ఫ్రేజర్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో చివరి సంవత్సరం వైద్య విద్యార్థులకు బొమ్మ రోగితో శిక్షణ ఇచ్చారు. సగంమందికి ఆ బొమ్మ రోగి ఉన్నట్టుండి చనిపోయాడు, మిగతావాళ్లకు బతికాడు. మూడు నెలల తర్వాత అలాంటి కేసే ఇచ్చి పరీక్షిస్తే, చావు చూసినవాళ్లే వెనకబడ్డారు. పోయింది ప్లాస్టిక్ బొమ్మ అని వాళ్లకు తెలుసు. అయినా అలా జరిగింది. మరణం గురించి నేర్పకూడదని దీని అర్థం కాదు. ముందుగా చెప్పి, మెట్లు మెట్లుగా, తర్వాత మాట్లాడే వీలుంచి నేర్పాలి. డొనాల్డ్ మైకెన్‌బామ్ 1970లలో రూపొందించిన ఒత్తిడి టీకా పద్ధతి ఇలాంటిదే: ముందు తన శరీరంలో ఏం జరుగుతుందో తెలుసుకోవడం, తర్వాత దాన్ని అదుపు చేసే మెళకువలు, ఆ తర్వాతే పెంచుకుంటూ పోయే కష్టం.

బెడ్ పక్కన చెయ్యగలిగేవి

మెళకువల్లో కొన్నింటికి మంచి పునాది ఉంది. దడను 'నేను ఓడిపోతున్నాను' అని చదువుకోవడానికి, 'ఒళ్లు పనికి సిద్ధమవుతోంది' అని చదువుకోవడానికి తేడా ఉంది. లాజరస్, ఫోక్‌మన్ 1984లో వివరించినట్టు, ఒత్తిడి అనేది ఎదురైన పనికి, దానికి తన దగ్గరున్న సత్తువకు మధ్య మనిషి వేసుకునే అంచనా. 2017లో ఎమర్జెన్సీ వైద్యుల కోసం మైకేల్ లారియా బృందం సూచించిన వరుస చిన్నది: నిదానంగా ఊపిరి తీసుకోవడం, తనకు తాను ధైర్యం చెప్పుకోవడం, చెయ్యబోయేది కళ్ల ముందు ఊహించుకోవడం, ఒక మాటతో దృష్టిని పని మీద నిలపడం. ముప్పై సెకన్లలో అయిపోతుంది.

అంతకంటే నమ్మదగింది కాగితం. 2013లో అట్యుల్ గవాండే బృందం ఆపరేషన్ థియేటర్ సిబ్బందికి బొమ్మ రోగులతో అత్యవసర పరిస్థితులు కల్పించి చూస్తే, చెక్‌లిస్టు లేనప్పుడు ప్రాణం కాపాడే దశల్లో 23 శాతం తప్పిపోయాయి. చెక్‌లిస్టు ఉన్నప్పుడు 6 శాతం. విద్యార్థి డోసు కాగితం మీద రాసి పైకి చదవడం, ఇంకొకరు తిరిగి చెప్పడం బలహీనతకు గుర్తు కాదని మొదటి రోజే చెప్పాలి.

బోధనకు అక్కడ దొరికేది నిమిషాలే. 1992లో జాన్ నెహర్ బృందం ప్రతిపాదించిన 'ఒక్క నిమిషం గురువు' పద్ధతి ఎమర్జెన్సీకి బాగా అమరుతుంది. 'నీకేమనిపిస్తోంది?' అని ముందు విద్యార్థి చేత ఒక మాట చెప్పించడం, ఎందుకని అడగడం, ఒక్క సూత్రం నేర్పడం, సరిగ్గా చేసిందేమిటో పేరుపెట్టి చెప్పడం, తప్పు దిద్దడం. సరిగ్గా చేసిందాన్ని చెప్పడమే అందరూ వదిలేసే మెట్టు. ఏది సరిగ్గా చేశాడో తెలియని విద్యార్థి దాన్ని మళ్లీ చెయ్యగలడన్న హామీ లేదు.

కేసు ముగిశాక జరిగే సమీక్షకూ, మనసు విప్పమని అందరినీ బలవంతంగా కూర్చోబెట్టడానికీ తేడా ఉంది. ఒక్క విడతలో చేసే మానసిక డీబ్రీఫింగ్ తర్వాతి ఆఘాత సమస్యలను ఆపలేదని వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. ఏం జరిగింది, ఏది ఎందుకు చేశాం అని పని గురించి మాట్లాడే ఐదు నిమిషాల విలువ వేరు. సెలైన్ ఒకరికి ప్రాణం పోసి ఇంకొకరిని ఎందుకు ముంచుతుందో తెలిసేది అక్కడే. పసిబిడ్డ చనిపోయిన రాత్రి ఆ ఐదు నిమిషాలూ ఇవ్వకుండా విద్యార్థిని తర్వాతి బెడ్‌కు పంపెయ్యడం ఎంత రద్దీలోనైనా సరికాదు. 'నువ్వు చేసినదానివల్ల పోలేదు' అన్న వాక్యం నిజమైనప్పుడు, అది ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే ఆ కుర్రవాడో, ఆ అమ్మాయో తామే కారణమేమోనని ఏళ్లతరబడి మోస్తారు.

ఇవన్నీ ఉన్నా నిద్ర లేకపోతే చదువు నిలవదు. పగలు చూసింది స్థిరపడేది నిద్రలోనే. 17 గంటలు మెలకువగా ఉంటే పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి దిగుతుందని 1997లో డాసన్, రీడ్ చూపించారు. 2004లో క్రిస్టఫర్ లాండ్రిగన్ బృందం ఐసీయూ ఇంటర్న్‌లను పరిశీలిస్తే, 24 గంటలు దాటే డ్యూటీలు ఉన్న పాత పద్ధతిలో తీవ్రమైన వైద్య తప్పులు 36 శాతం ఎక్కువ. అలాంటి డ్యూటీ చార్టు గోడకు తగిలించి, పక్కనే శ్వాస వ్యాయామాల పోస్టర్ అంటించడం విద్యార్థికి చేసే అన్యాయం. 43 దేశాల అధ్యయనాలను కలిపి 2016లో లీసా రోటెన్‌స్టీన్ బృందం వేసిన అంచనా ప్రకారం వైద్య విద్యార్థుల్లో 27.2 శాతం మందికి డిప్రెషన్ లేదా దాని లక్షణాలు ఉన్నాయి. లక్షణాలు బయటపడినవాళ్లలో వైద్యం కోరినవాళ్లు 15.7 శాతమే. ఇది ఒక్క ఎమర్జెన్సీ వల్ల వచ్చిన అంకె కాదు, కానీ ఆ గదిలోకి వచ్చే విద్యార్థి అప్పటికే ఏ బరువుతో వస్తున్నాడో చెబుతుంది.

మార్కుల సంగతి ఒకటి మిగిలింది. నలుగురూ తూకం వేయడమే కార్టిసాల్‌ను అంతగా పెంచుతున్నప్పుడు, పక్కన నిలబడి నేర్పే మనిషే ప్రతి క్షణం మార్కులూ వేస్తుంటే విద్యార్థి తనకు రానిదాన్ని దాచిపెట్టక తప్పదు. నేర్పడానికి వచ్చిన డాక్టరు, మార్కులు వేసే డాక్టరు వేర్వేరు మనుషులైతే మంచిది. సిబ్బంది చాలక అది కుదరని చోట, ఏ కేసులకు మార్కులున్నాయో, ఏవి కేవలం నేర్చుకోవడానికో షిఫ్టు మొదట్లోనే చెప్పేస్తే, మిగతా గంటల్లో విద్యార్థి 'నాకిది తెలియదు, చూపించండి' అని అడగగలుగుతాడు.